కజ్జికాయకు ఐర్లండ్ చుట్టం

పేరు చూసి బెదరొద్దు. హ్యాండ్ పై అంటే చేత్తో పట్టుకుని తినే పై. కంచం, చెంచా అక్కర్లేదు. మైదా రేకులో కూర పెట్టి, మడిచి, అంచు మెలిపెట్టి అవెన్‌లో కాలుస్తారు, అంతే. కజ్జికాయలో కొబ్బరీ బెల్లం తీసేసి మాంసమూ బంగాళాదుంపా పెట్టి, మూకుడు బదులు అవెన్‌కి పంపితే దానికి ఐర్లండ్ పౌరసత్వం వచ్చేసినట్టే. ఈ పోలిక నాది కాదు. బెజవాడ విద్యాధరపురంలో ఉండే మా పిన్నికి ఫోన్‌లో బొమ్మ చూపిస్తే, "ఇదేవిట్రా, మాంసం కజ్జికాయా?" అని మళ్లీ తన పనిలో పడిపోయింది.

ఆకారం వరకూ ఆవిడ మాటే నిజం. ఇబ్బందల్లా పిండితో. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పిండిలోని వెన్నకీ మేముండే బెజవాడ భవానీపురం ఎండకీ పడదు.

వంట పుస్తకాల్లో పై పిండికి ఒకటే మంత్రం: వెన్న చల్లగా ఉండాలి, నీళ్లు చల్లగా ఉండాలి, చేతులు కూడా చల్లగా ఉండాలి. ఎందుకంత పట్టింపు? వెన్నలో నూటికి ఎనభై పాళ్లు కొవ్వు, పదహారు పాళ్ల దాకా నీరు. గట్టి వెన్న చిన్న చిన్న ముక్కలుగా పిండి మధ్య ఇరుక్కుని ఉండాలి. అవెన్ వేడి తగలగానే అది కరిగి, అందులోని నీరు ఆవిరై, పిండిని పొరలు పొరలుగా పైకి తోస్తుంది. వెన్న ఖాళీ చేసిన చోటే మనకు కరకరలాడే పొర. అంటే అవెన్‌లోకి వెళ్లేదాకా వెన్న వెన్నలా ఉండాలి. 32 నుంచి 35 డిగ్రీల మధ్య వెన్న పూర్తిగా కరిగిపోతుంది. ఐర్లండ్‌లో నడివేసవిలో ఇరవై డిగ్రీలు దాటితే జనం చొక్కాలు విప్పేసి పార్కుల్లో పడుకుంటారు కాబట్టి అక్కడ ఈ సమస్య లేదు. ఇక్కడ ఒక పక్క కృష్ణ, ఒక పక్క కొండలు. పగలంతా కాగిన రాయి రాత్రి కూడా ఆ వేడిని మనకే అప్పజెబుతుంది. బెజవాడను బ్లేజ్‌వాడ అన్నది కట్టమంచి రామలింగారెడ్డిగారే అని చెప్పుకుంటారు. ఎవరన్నా అన్నమాట నిజం. మే నెలలో పొయ్యి వెలిగించకుండానే మా వంటిల్లు వెన్నని కరిగించగలదు.

నేను మొదటిసారి చేసింది ఏప్రిల్‌లో, అదీ పొద్దున పదకొండింటికి. పిండిలో వెన్న నలపడం మొదలుపెట్టిన నాలుగో నిమిషానికి గిన్నెలో ముక్కలు లేవు, నూనె ముద్ద ఉంది. కాల్చాక పైలు ట్రేలో నేతి మడుగులో కూర్చున్నాయి. పొరలు లేవు, బిస్కెట్టులా పొడిపొడి. రెండోసారి బుద్ధి తెచ్చుకుని, ఏసీ వేసిన పడగ్గదిలో చపాతీ పీట పెట్టుకుని ఒత్తాను. పొరలు బ్రహ్మాండంగా వచ్చాయి. దుప్పటి మీద మైదా కూడా. ఆ పద్ధతి మా ఇంట్లో ఓటింగు లేకుండానే రద్దయింది.

మరి ఇదే ఎండలో బేకరీల్లో ఎగ్ పఫ్‌లు పొరలు పొరలుగా ఎలా వస్తున్నాయని అడగొచ్చు. చాలాచోట్ల వాడేది వెన్న కాదు, పఫ్ కోసమే తయారయ్యే మార్గరిన్. అది మన ఒంటి వేడిని మించిన వేడికి గానీ కరగదు, కాబట్టి ఎండను లెక్కచేయదు. అదే కారణాన నోట్లోనూ సరిగా కరగదు. చల్లారిన పఫ్ తిన్నాక అంగిలికి మైనంలా అంటుకునేది అదే.

దారి ఐర్లండ్‌లోనే దొరికింది, కాకపోతే ఆ దేశం గొప్పగా చెప్పుకునే వెన్నలో కాదు. వాళ్ల వెన్న సామాన్యమైంది కాదు. కార్క్ నగరంలో 1770లో మొదలైన వెన్న బజారు పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. వెస్టిండీస్ లాంటి ఉష్ణదేశాలకు పంపే పీపాల్లో ఉప్పు బాగా దట్టించేవారు. వేడి దేశాల్లో తమ వెన్న గతేమిటో వాళ్లకు ముందే తెలుసన్నమాట. కానీ పడమటి తీరాన కెర్రీ జిల్లాలో డింగిల్ అనే రేవు ఉంది. అక్కడ పండగలకీ సంతలకీ మటన్ పై చేయడం ఆనవాయితీ. జాలర్లు పడవల్లోకి, రైతులు పొలాల్లోకి పట్టుకెళ్లేవారు. అది అర్ధచంద్రాకారం కాదు, గుండ్రంగా ఉండి పైన మూత ఉంటుంది. పిండిలో పూర్వం వేసింది గొర్రె కొవ్వు. మామూలుగా మాంసం కొట్టులో "కొవ్వు తీసెయ్" అని మనం గదమాయిస్తామే, అదే. అది 44 డిగ్రీల పైన గానీ కరగదు. బెజవాడ ఎండకు ఇంతకంటే తగిన సరుకు దొరకదు.

ఐరిష్ పై అంటే ఇదేనని గట్టిగా అనడానికి మాత్రం లేదు. అర్ధచంద్రాకారపు మాంసం పై మీద ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ వాళ్లది గట్టి పట్టు. గని కార్మికుల తిండి అది. 2011లో యూరోపియన్ యూనియన్ 'కార్నిష్ పేస్టీ' అన్న పేరుకి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, మెలిక పక్కనే ఉండాలి, నెత్తిన ఉండకూడదన్న నిబంధనతో సహా. కార్న్‌వాల్ గనివాళ్లు ఐర్లండ్‌లోని అలిహీస్ రాగి గనుల్లో పనిచేశారు. ఆ అలిహీస్ జనమే తర్వాత అమెరికాలోని బ్యూట్ గనులకు వలసపోయారు. అక్కడ ఇప్పటికీ ఈ పై అమ్ముతారు. ఇక బెల్‌ఫాస్ట్‌కి వెళ్లి పేస్టీ అడిగితే, పంది మాంసం కైమా, ఉల్లి, బంగాళాదుంప కలిపి ముద్ద చేసి, జారు పిండిలో ముంచి నూనెలో వేయించి ఇస్తారు. అది పై కాదు, బజ్జీ.

ఇక ఆ గొర్రె కొవ్వు లాంటి కొవ్వుతో పిండి కలిపే పద్ధతి. దాని పేరు వేడినీళ్ల పిండి. చల్లటి వెన్న మంత్రానికి ఇది పూర్తిగా ఎదురు. 450 గ్రాముల మైదాలో చెంచాడు ఉప్పు కలిపి వెడల్పు గిన్నెలో పెట్టుకోండి. 150 గ్రాముల కొవ్వునీ 170 మిల్లీలీటర్ల నీళ్లనీ ఒకే గిన్నెలో పొయ్యి మీద పెట్టండి. కొవ్వు కరిగి నీళ్లు తెర్లగానే మైదాలో పోసి గరిటెతో గబగబా తిప్పండి. చెయ్యి పట్టే వేడికి వచ్చాక నున్నగా మర్దించండి. పాలతాలికలకు బియ్యప్పిండిని మరిగే నీళ్లలో పోసి కలపడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. కజ్జికాయల పిండి గుల్లగా రావాలని కాచిన నెయ్యి పోస్తామే, అదీ ఇలాంటిదే.

లోపల జరిగేది ఇది. మైదాలో నీరు తగిలి మర్దన పడితే జిగురు సాగుతుంది. చపాతీకి అది వరం, పై పిండికి శాపం, రేకు తోలులా అవుతుంది. వేడి కొవ్వు ముందుగా పిండి రేణువులకు పూతలా పట్టి నీటిని ఆపుతుంది. మరిగే నీరు పిండిని సగం ఉడికించడంతో ఆ నీరు గంజిలో చిక్కుకుపోతుంది. రెండు వైపులా అడ్డు పడటంతో జిగురు ఎక్కువ సాగదు. పొరలు రావు, ఆ ఆశ వదులుకోండి. దానికి బదులు గట్టిగా నిలబడి, కొరికితే గుల్లగా విరిగే గోడ వస్తుంది. రసం కారదు. చలి దేశాల్లో ఈ ముద్ద చల్లారితే బిగుసుకుపోయి పగులుతుంది, అందుకని వాళ్లు పరుగులు పెట్టి ఒత్తుతారు. మా వంటింట్లో అది గంటసేపైనా మెత్తగానే ఉంటుంది. ఎండాకాలం మనకు చేసిపెట్టే పనుల జాబితా చిన్నదే, అందులో ఇదొకటి.

ఏ కొవ్వు? గొర్రె కొవ్వయితే ముక్కలు చేసి, కాసిని నీళ్లు పోసి సన్నసెగ మీద కరిగించి వడకట్టాలి. వాసన ఇల్లంతా తిరుగుతుంది, ముందే చెబుతున్నాను. అంతదాకా ఎందుకనుకుంటే వంద గ్రాముల నెయ్యి, యాభై డాల్డా. మే నెలలో అచ్చంగా నెయ్యే వేస్తే ముద్ద జారుడుగా ఉంటుంది. డాల్డా పేరెత్తగానే మొహం చిట్లించేవాళ్లు బేకరీ పఫ్ మానేసి వచ్చి మాట్లాడితే బాగుంటుంది.

ఇక లోపలి కూర. ఎముకల్లేని మటన్ మూడొందల గ్రాములు, బంగాళాదుంపలు రెండొందల యాభై, రెండు ఉల్లిపాయలు. దుంప అంత దండిగా ఎందుకంటే, ఐర్లండ్ పేదవాడికి దుంపే అన్నం, మాంసం నంజుడు. 1845లో దుంప మొక్కలకు తెగులు సోకి, ఆ పైన కొన్నేళ్లలో పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. కృష్ణకు అవతల గుంటూరు సీమలో అంతకు పదమూడేళ్ల ముందు నందన నామ సంవత్సరపు కరువు. ఆ తర్వాత 1855 నాటికి ఇక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట లేచింది, డెల్టా వరిలో పడింది. ఐర్లండ్ వాళ్లకు దుంప మీద భక్తీ భయమూ రెండూ మిగిలాయి. మనం దాన్ని బంగాళా నుంచి వచ్చిన చుట్టంలా పేరు పెట్టి, వేపుడుకు పరిమితం చేశాం.

ఐరిష్ వంటల్లో మటన్‌కి జత థైమ్ అనే ఆకు. దానికి తెలుగు పేరు లేదు గానీ, దాని ఘాటుకు కారణమైన థైమాల్ మన వాములో కావలసినంత ఉంది. పావు చెంచా వాము అరచేతిలో నలిపి వేస్తే చాలు. ఎక్కువైతే పై కాదు, అజీర్తి మందు. మిరియాలు కచ్చాపచ్చాగా దంచి ఒక చెంచా. మసాలా, పసుపు, అల్లంవెల్లుల్లి ఏవీ వద్దు. ఈ మాట విన్నాక మా ఇంట్లో దీన్ని ఆస్పత్రి కూర అన్నారు. ఏటి అవతల గుంటూరు పెట్టుకుని కారం లేకుండా తినడం నేరమని తేలింది గనక, రెండు పచ్చిమిరపకాయలకు రాజీ కుదిరింది.

పుస్తకాల్లో పచ్చి మాంసమే లోపల పెట్టి కాల్చమంటారు. ఇక్కడ ఆ పని చేయకండి. మన కొట్టులో దొరికే మేక మాంసం అవెన్‌లో నలభై నిమిషాలకు లొంగేది కాదు. మాంసాన్ని బఠాణీ కంటే కాస్త పెద్ద ముక్కలుగా కోసి, ఉల్లి, ఉప్పుతో కుక్కర్లో నాలుగైదు విజిల్స్ రానివ్వండి. తర్వాత దుంప ముక్కలు వేసి మూత తీసి ఇగరబెట్టాలి. ఇక్కడ మనకు పుట్టుకతో వచ్చిన విద్య ఉంది. ఐరిష్ వాళ్లకు గ్రేవీ ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికి పేరా పడుతుంది, మనకు ఇగురు అన్న ఒక్క మాట చాలు. ముక్కకు పట్టి, గిన్నె వంచితే కదలకుండా ఉండాలి. పూర్తిగా చల్లారాకే రేకులోకి. రాత్రి వండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. వేడి కూర పెడితే రేకు అడుగున చెమ్మగిల్లి చిరుగుతుంది.

ముద్దను పది భాగాలు చేసి, అప్పడాల కర్రతో పూరీ కంటే పెద్దగా, చపాతీ కంటే మందంగా ఒత్తండి. మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఒక సగం మీద రెండు పెద్ద చెంచాల కూర, అంచుకు గుడ్డు సొన, మడత. మెలిక దగ్గర నేను ఫోర్కుతో నొక్కుతుంటే పిన్ని లాక్కుని, బొటనవేలితో ఒక్కో మడతా ముందుకు తోస్తూ అంచంతా జడలా అల్లేసింది. కజ్జికాయల చెక్కలో పెట్టబోయాను గానీ, ఈ రేకు మందానికి అది మూసుకోలేదు. పైన కత్తితో చిన్న గాటు మరిచిపోవద్దు. ఆవిరికి దారి ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది, ఎప్పుడూ మెలిక దగ్గరే.

పైన సొన పూసి 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు, 180కి తగ్గించి ఇంకో ఇరవై. అవెన్‌ని పది నిమిషాల ముందే వేడి చేసి ఉంచాలి. వేసవిలో ఈ పని పొద్దున ఏడింటి లోపల ముగించడం మంచిది. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకుండా కూర్చోండి, పావుగంట వరకూ పై ఓర్చుకుంటుంది.

డింగిల్‌లో ఈ పై మీద వేడి వేడి మటన్ రసం పోసుకుని తినడమూ ఉంది. చేతి పై అని పేరు పెట్టి గిన్నెలో ముంచడం ఏమిటని నాకూ అనిపించింది. గొర్రె కొవ్వుతో చేసి, చల్లారనిచ్చి ఒకటి కొరికాక అర్థమైంది. కొవ్వు అంగిలికి పట్టేసింది. వేడి రసం దాన్ని కరిగిస్తుంది, వాళ్లకూ ఆ అలవాటు అందుకే వచ్చి ఉంటుందని నా లెక్క. తీసేసిన ఎముకలు మిరియాలతో ఉడికించుకుంటే రసం ఇంట్లోనే తయారు. మిగిలిన పైలు ఫ్రిజ్‌లో రెండు రోజులుంటాయి. మళ్లీ అవెన్‌లోనే పది నిమిషాలు వేడి చేయండి, మైక్రోవేవ్‌లో పెడితే గోడ మెత్తబడి బన్ను అవుతుంది.

పిన్ని రెండు తిని, బాగుందంది. తర్వాత, "గంట కాల్చే బదులు మూకుట్లో వేస్తే పది నిమిషాలు కదరా" అంది. ఇంత మందం రేకు నూనెలో పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుందని శాస్త్రం చెప్పాను. ఆవిడ వాదించలేదు. మిగిలిన ముద్దని సగం మందానికి ఒత్తి, సన్నసెగ మీద ఎనిమిది వేయించింది. ముందు అయిపోయినవి అవే.