తీర్మానపుస్తకమున ఎవరి మాట? : బోథ్ గ్రామసభలను గూర్చి

నిర్మలునుండి ఆదిలాబాదునకు పోవు రాజమార్గమున మహబూబు ఘాటు నెక్కి నేరెడిగొండ చేరిన బాటసారి కుంతల జలపాతమును చూడబోవును. ఇంకను తీరిక యున్నచో బోథ్ వైపు తిరిగి పొచ్చెర జలపాతమును గూడ చూచివచ్చును. ఆ జలపాతముల చుట్టును గల గోండు గూడెములలో, లంబాడీ తండాలలో, కొలాముల పల్లెలలో ప్రజలు తమ యూరి వ్యవహారములను ఎట్లు నడుపుకొనుచున్నారో విచారించి పోవువారు మాత్రము అరుదు. నేడు ఏ ప్రభుత్వోపన్యాసము విన్నను, ఏ ప్రణాళిక చదివినను "ప్రజల భాగస్వామ్యము" అను మాట వినబడుచున్నది. ప్రశంసాపత్రములు, పురస్కారములు, శాలువలు కూడ లభించుచున్నవి. ప్రజలు గ్రామపాలనమున పాల్గొనుటను గుర్తించుట యన్నచో ఇంతియేనా? లేక, వారు కూర్చుండి నిర్ణయించిన మాట కార్యాలయమున చెల్లుబాటగుటయా? బోథ్ ప్రాంతపు చరిత్రమును పరిశీలించినచో ఈ రెంటికిని గల అంతరము స్పష్టపడును.

గోండు గ్రామమునకు పంచాయతి యనునది ప్రభుత్వము తెచ్చి యిచ్చిన వస్తువు కాదు. ఊరికి పట్ల పెద్ద, దైవకార్యములకు దేవారి, కబురు చేరవేయుటకు హవల్దారు. తగవు వచ్చినప్పుడు పట్ల వాకిట పంచులు కూడుదురు. ఒక్క యూరిలో తెగని తగవు పదియూళ్ల పెద్దలు కూడు రాయ్ సెంటరునకు పోవును. దాని పెద్దకు సార్‌మేడి యని పేరు. తండాలో ఇదే కార్యమును నాయకును కార్బారియు నిర్వహింతురు. ఈ సభలలో చేతులెత్తి లెక్కించు పద్ధతి ప్రధానము కాదు. ఎదిరి పక్షమువాడు తల యూపువరకు మాట సాగుచునే యుండును. పట్టణవాసికి ఇది కాలహరణముగా తోచవచ్చును గాని, మరునాడు అదే బావివద్ద నీళ్లు తోడుకొనవలసిన వారికి ఓడించుటకంటె ఒప్పించుట ముఖ్యమని తెలియును.

అట్లని దీనిని సత్యయుగముగా వర్ణించుట మా యుద్దేశము కాదు. ఆ పంచులలో స్త్రీలకు చోటు లేకుండెను. తగవు తమదే యైనను వారి పక్షమున పురుషుడు మాటాడవలసి యుండెను. పెద్ద తప్పు చేసినచో అతని మాటను మరలించుట బీదవానికి దుర్లభము. ఈ లోపములను చెప్పక కేవలము పొగడువారు గిరిజనులకు ఉపకారము చేయుటలేదు.

నిజాం పాలనమున ఈ వ్యవస్థ చెడిపోలేదు గాని, దాని కాళ్లక్రింది నేల జారిపోయెను. పట్ల నోటిమాటకు ఊరిలో విలువ యుండెను. సర్కారులో మాత్రము పట్వారీ పుస్తకమునకే విలువ. ఆ పుస్తకము గోండులకు రాని లిపిలో, వారికి రాని భాషలో నుండెను. తరతరములుగా దున్నుకొనుచున్న భూమి ఎవరి పేర నెక్కినదో దున్నువానికి తెలియకుండెను. అడవి హద్దు ఎక్కడ పాతినది, ఏ పోడు నేరమైనది యనునవి వాని యెదుటనే వ్రాయబడినను వానికి బోధపడకుండెను. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము ప్రాణములర్పించిన పోరాటమునకు భూమియు అడవియు కారణములని అందరు నెరుగుదురు. ఆ భూమి చేజారిన మార్గములలో కలము కూడ నొకటి యని చెప్పుకొనువారు తక్కువ.

ఆ రక్తపాతము పిమ్మట హైమన్‌డార్ఫ్ పండితుడు వచ్చి గోండుల నడుమ నివసించి పరిశోధించెను. 1946లో నిజాం ప్రభుత్వము గిరిజన ప్రాంతములకై ప్రత్యేక నిబంధన చేసి, అందులో గిరిజన పంచాయతులకును చోటిచ్చెను. గుర్తింపు అనుదానికి ఈ ప్రాంతమున అది తొలిమెట్టు. కాని పంచాయతిని నియమించువాడును, దాని తీర్పును సరిచూచువాడును అధికారియే. ప్రజల సభ ప్రజలదేనని ఒప్పుకొనుటకు సర్కారునకు ఇంకను ధైర్యము చాలలేదు.

గ్రామమును గూర్చి మన పెద్దలలో గల భేదాభిప్రాయము ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. 1830లో మెట్‌కాఫ్ దొర మన గ్రామములను చిన్న చిన్న గణతంత్రములని మెచ్చుకొనెను; గాంధీమహాత్ముడు గ్రామస్వరాజ్యమును జాతికి ఆదర్శముగా చూపెను. 1948 నవంబరు 4న రాజ్యాంగ పరిషత్తులో డాక్టరు అంబేద్కరు ఆ మెప్పును త్రోసిపుచ్చి, సంకుచితత్వమును, అజ్ఞానమును, మతవైషమ్యమును గ్రామమునందే గాంచెను. అప్పు డనేకులు నొచ్చుకొనిరి. పంచాయతుల స్థాపనము తుదకు 40వ అధికరణమున ఆదేశకసూత్రముగా మాత్రము నిలిచెను. మా మట్టుకు, మహాత్ముడు చూపినది గ్రామమున కలుగగల మేలు, అంబేద్కరు చూపినది గ్రామమున జరుగుచున్న కీడు. ఒకదానికై రెండవదానిని మరచిన పరిపాలకుడు పొరపడును.

ఇందులకు దృష్టాంతము వెదకుటకు దూరము పోనక్కరలేదు. బోథ్‌నుండి ఘాటు దిగిన నిర్మలు ప్రాంతమునను, నిజామాబాదు జగిత్యాల పల్లెలలోను గ్రామాభివృద్ధి కమిటీ యను సంస్థ కలదు. ఏ చట్టమును దానిని పుట్టింపలేదు. కులమునకు ఒకరిద్దరు చొప్పున పెద్దలు చేరుదురు. చందాలు, వేలములు, జరిమానాల వలన ధనము సమకూర్తురు. గుడి కట్టింతురు, చెరువు పూడిక తీయింతురు, తాగునీటి యంత్రము నెలకొల్పుదురు. ప్రభుత్వమును దేహి యనక ఊరు తన పని తాను చేసికొనుట మెచ్చదగినదే. కాని అదే కమిటీ తన మాట వినని కుటుంబమునకు పాలు, మంగలి, కిరాణము నిలుపుచేసి వెలివేసిన ఉదంతములు ఎన్నియో పోలీసు ఠాణాలకును న్యాయస్థానములకును ఎక్కినవి. వెలికి గురియైనవారిలో దళితులును, గీతపనివారును, చిన్న కులములవారును మెండు. సర్పంచి పదవిని వేలము వేసి ఏకగ్రీవ మనిపించు చోట్లును లేకపోలేదు. ఊరంతయు పాల్గొనుచున్నది, నిజమే. కాని జరిమానా లెక్క అడుగుటకు ఎవరికిని హక్కు లేదు. అప్పీలునకు తావు లేదు. చట్టము లేని భాగస్వామ్యము బలవంతుని భాగస్వామ్యముగా మారుట ఇట్లే.

మరి చట్టము గల చోట నేమి జరిగినది? 1959 అక్టోబరులో షాద్‌నగరున నెహ్రూ పండితుడు ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. 1992లో 73వ రాజ్యాంగ సవరణము వచ్చెను. అది షెడ్యూలు ప్రాంతములకు నేరుగా వర్తింపనందున, భూరియా సంఘపు సిఫారసులపై 1996 డిసెంబరులో ఆ ప్రాంతములకు వేరు చట్టము చేయబడెను. పాత బోథ్ తాలూకాలోని నేరెడిగొండ, కుంతల, ఇచ్చోడ మున్నగు గ్రామములు షెడ్యూలు పట్టికలోనివే గాన ఈ చట్టము వారి యింటి చట్టము.

దానిని చదివినచో, ఢిల్లీలో ఇంత సాహసము చేసినవారెవరా యని ఆశ్చర్యము కలుగును. గ్రామమనగా రెవెన్యూ పటములోని గీత కాదు. తమ ఆచారముల ప్రకారము తమ వ్యవహారములు నడుపుకొను ఆవాసము, అనగా గూడెమే గ్రామము. వోటర్ల పట్టికలో పేరున్న ప్రతివ్యక్తియు గ్రామసభ సభ్యుడే. అందుచేత పట్ల వాకిట చోటులేని స్త్రీకి ఇచ్చట చోటు దొరికినది. ఆచారములను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకొను పద్ధతిని కాపాడుకొను శక్తి గ్రామసభకు గలదు. పథకములను ఆమోదించునదియు, లబ్ధిదారులను గుర్తించునదియు గ్రామసభయే. అన్నిటికంటె ముఖ్యముగా, పంచాయతి తాను వ్యయపరచిన సొమ్మునకు గ్రామసభనుండి వినియోగ ధ్రువపత్రము పొందవలెను. దీని యర్థమేమి? గుత్తేదారు వేసిన బాటపై నడచు ముసలిది, బాట సరిగా లేదన్నచో, ఆ మాట లెక్కలోనికి రావలెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశము దీని ననుసరించి 1998లో శాసనము చేసెను గాని, నియమములు 2011 వరకు వెలువడలేదు. పదమూడేండ్లు! ఆ నియమములు వచ్చిన పిమ్మట గ్రామసభకు గిరిజనులనుండి ఉపాధ్యక్షుని, కార్యదర్శిని చేతులెత్తి ఎన్నుకొను ఏర్పాటు కలిగెను. తీర్మానము వ్రాయు కలము ఊరివాని చేతికి రావలెనని దాని భావము. అనేక స్థలములలో ఆ కార్యదర్శి పేరునకే మిగిలెను. పంచాయతి యంతటికి ఒక్క చోట సభ కూర్చి, హాజరు పుస్తకమున వేలిముద్రలు తీసికొని, తీర్మానమును ఉద్యోగి తరువాత తీరికగా పూర్తిచేయుట వాడుకయైనది. వేలిముద్ర ముందు, వ్రాత వెనుక! నాటి పట్వారీ పుస్తకమునకును ఈ పుస్తకమునకును భేదమెంత?

2018లో తెలంగాణ ప్రభుత్వము తండాలను, గూడెములను ప్రత్యేక పంచాయతులుగా చేసి, పంచాయతుల సంఖ్యను 12,700కు పైబడునట్లు పెంచెను. ఇది మేలైన కార్యము. అనేక గూడెములకు తమ సర్పంచి తమ వాకిట నుండుట అదే మొదలు. ఆ పంచాయతుల గడువు 2024 ఫిబ్రవరిలో తీరినది. ఎన్నికలు 2025 డిసెంబరు వరకు జరుగలేదు. నడుమ రమారమి రెండేండ్లు ప్రత్యేకాధికారులే పాలించిరి. ఎన్నికైన సభలు లేనందున కేంద్ర ఆర్థికసంఘపు నిధులు నిలిచెను. పూర్వపు సర్పంచులు తమ చేతి డబ్బు పెట్టి చేయించిన పనుల బిల్లులకై రోడ్డెక్కిరి. ఆ కాలముననే, 2025 జనవరిలో రాష్ట్రమంతట గ్రామసభలు కూర్చి ఇండ్లు, రేషను కార్డులు మున్నగువాని జాబితాలు చదివిరి. పెక్కుచోట్ల జనము లేచి, ఈ పేర్లు ఎవరు వ్రాసిరని నిలదీసిరి. అది అల్లరి యని కొందరు విసుగుకొనిరి. లబ్ధిదారులను గుర్తించు అధికారము సభదే యైనప్పుడు, వ్రాసి తెచ్చిన జాబితాను ప్రశ్నించుట సభ తన ధర్మమును నెరవేర్చుటయే గదా!

చేయదలచిన ఊరు ఏమి చేయగలదో చూపుటకు ఇచ్చోడ మండలములోని ముఖరా కే గ్రామ మున్నది. చిన్న గ్రామము, మరాఠీ మాటాడు జనము ఎక్కువ. తమ చెత్తను తామే వేరుచేసి ఎరువుగా మార్చి అమ్మి, ఆ రాబడిని ఊరికే వినియోగించి దేశమున పేరు తెచ్చుకొనిరి. అంతకంటె లోతైన దృష్టాంతము ప్రాణహిత కావలి గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా. అదియు గోండు గ్రామమే. స్త్రీ పురుషులు సమముగ కూర్చుండి, అందరి సమ్మతి లేనిదే ఏ పనికిని పూనుకొనక, ముందు విషయమును చదివి చర్చించుకొని పిమ్మట సభకు తెత్తురు. 2006 అటవీ హక్కుల చట్టముక్రింద రమారమి 1,800 హెక్టార్ల అడవిపై సాముదాయిక హక్కు పొందిరి. 2011లో వెదురు రవాణా పత్రములను తామే ఇచ్చుకొను అధికారమును సాధించిరి. ఆ యూరికి ప్రభుత్వము శాలువ కప్పలేదు. పత్రముల పుస్తకమును చేతి కిచ్చెను. గుర్తింపు అనగా మేము కోరునది అది.

బోథ్ ప్రాంతపు పంచాయతులలో ఇప్పుడు క్రొత్త సర్పంచులు కూర్చున్నారు. సగము స్థానములు స్త్రీలవి. వారి భర్తలు సభలో ముందు కుర్చీ లాగుకొనకుండుట మొదటి పని. అది ఎవరు చెప్పినను నొప్పి కలిగించు మాటయే, అయినను చెప్పవలెను. రెండవది, సభ పంచాయతి కార్యాలయమున గాక గూడెమున జరుగుట. మూడవది భాషకు సంబంధించినది. సభలో మాట గోండిలో, కొలామీలో, లంబాడీలో, మరాఠీలో సాగును. పుస్తకములో తెలుగు వ్రాయుదురు. తెలుగు మనకు తల్లిభాష; అంతమాత్రమున ఇతరుల నోటిమాటను మ్రింగు హక్కు దానికి లేదు. నార్నూరు మండలములోని గుంజాలలో గోండి లిపిలో వ్రాసిన పాత ప్రతులు బయటపడినవి. ఆ లిపికి 2018లో యూనికోడులో స్థానము లభించినది. కావున గోండి వ్రాతకు రాదను సాకు చెల్లదు. తీర్మానమును తెలుగున వ్రాసినను, దానిని మరల సభలోనే గోండిలోను, తండాలోనైతే లంబాడీలోను బిగ్గరగా చదివి, అవునను మాట విన్న పిమ్మటనే వేలిముద్ర గైకొనవలెను. ఇందులకు క్రొత్త చట్టము అక్కరలేదు, నిధులు అక్కరలేదు. వచ్చు గ్రామసభలో అరగంట కాలము చాలును.