మెత్తదనం వెనుక
జంషెడ్‌పూర్ సాక్చీ బజారులో పసివాడికి మెత్తని ప్లాస్టిక్ బొమ్మ కొనే తల్లి దానిపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదేమో చూసుకోవచ్చు. 2021 జనవరి 1 నుండి మన దేశంలో బొమ్మలకు అది తప్పనిసరి. పి.వి.సి.ని మెత్తబరచే థాలేట్లు నోట పెట్టుకొనే బొమ్మలలో 0.1 శాతానికి మించరాదు. ఈ రసాయనాలు ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండవు; లాలాజలానికి, నూనెకు మెల్లగా వెలికి వస్తాయి. వాటిలో కొన్ని ప్రయోగశాలలో మగ ఎలుక పిండాల జననాంగాల ఎదుగుదలను దెబ్బతీశాయి.

అయితే ఆ రక్షణ పద్నాలుగేళ్ల లోపువారి ఆటవస్తువులకే. పేరు రాయని పార్సిలులో పడకగదికి చేరే సుఖసాధనాల మాటేమిటి? 2006లో నెదర్లాండ్స్‌లో గ్రీన్‌పీస్ సంస్థ ఎనిమిదింటిని పరీక్షింపజేయగా ఏడింటిలో థాలేట్లు బయటపడ్డాయి: 24 నుండి 51 శాతం వరకు! శరీరపు సున్నితమైన లోపొరలను తాకే వస్తువులవి. ఫిర్యాదు చేయడానికేమో సిగ్గు అడ్డం. వీటికి అంతర్జాతీయ ప్రమాణం 2021లో వెలువడినా అది ఐచ్ఛికమే. థాలేట్లు అక్కరలేని సిలికోన్ రకాలు దొరుకుతున్నాయి. పెట్టెపై ఆ మాట ఉన్నదీ లేనిదీ ప్రస్తుతానికి కొనేవారే చూసుకోవాలి.