ఫారం 1-ఏ

లారీ, బస్సు వంటి రవాణా వాహనాలు నడిపే లైసెన్సు కావాలంటే డాక్టరు పరీక్షించి ఇవ్వాల్సిన ఆరోగ్య ధ్రువపత్రమే ఫారం 1-ఏ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో దీని నమూనా ఉంది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు ఆనుతోందా, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలుస్తోందా, రేచీకటి ఉందా, మామూలు హారన్ వినబడుతోందా, కాళ్లూ చేతుల్లో లోపముందా అన్నది చూస్తారు. రవాణా లైసెన్సు రెన్యువల్‌కూ ఇది తప్పనిసరి. పరీక్షకు వెళ్లేటప్పుడు రోజూ పెట్టుకునే కళ్లద్దాలు, వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి. మూర్ఛ, గుండె జబ్బు వంటివి దాచొద్దు. డాక్టరు పరీక్షించకుండా చేసిన సంతకం లైసెన్సు తెచ్చిపెట్టొచ్చు గానీ ప్రమాదాన్ని ఆపలేదు.