గెనిమ తెగిన నక్షత్రాలు

పుష్యమాసపు రాత్రి తొమ్మిది దాటితే, అనంతపురం పల్లెల్లో వేరుశనగ కట్టె వాముల మీదుగా గొల్లకావడి నడినెత్తికి చేరుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ మెట్టనేలకు చుక్కల కరువు మాత్రం లేదు. గొల్లకావడిలోని మూడు చుక్కల్లో నడిమిది ఆల్నిలమ్, ఒంటరి. కొసల్లోని మింటాకా, ఆల్నిటాక్ మాత్రం ఒక్కో చుక్కలా కనిపించే కుటుంబాలు. మింటాకాలోని ప్రధాన జంట 5.7 రోజులకోసారి తిరిగొస్తూ, ఒకదానికొకటి అడ్డుపడి వెలుగు తగ్గిస్తుంది.

బరువు సూర్యుడికి ఎనిమిది రెట్లు దాటితే భారీ నక్షత్రం. అలాంటిదాని తలరాత దాని బరువే రాస్తుందని చాలాకాలం అనుకున్నాం. కానీ పక్కనున్న జోడుకూ అందులో చేయి ఉంది.

జంటలో ప్రతి నక్షత్రానికీ తన ఆకర్షణ చెల్లే హద్దు ఒకటుంటుంది. పేరు రోష్ లోబ్. మనం గెనిమ అనుకుందాం. బరువైనది ముందుగా ముసలిదై ఉబ్బుతుంది. గెనిమ దాటిన వాయువు గండిపడ్డట్టు పక్క చేలోకి పారుతుంది. బోర్ల దగ్గర మనం పక్కవాడు లాగేశాడని తగవుపడతాం. ఇక్కడ పక్కది లాగలేదు, తనదే పొంగింది. పైగా బరువైనది ఇచ్చేకొద్దీ రెండూ దగ్గరవుతాయి, గెనిమ ఇంకా ఇరుకై ప్రవాహం ఉధృతమవుతుంది. బరువులు సమమై, తారుమారయ్యాకే ఎడం పెరుగుతుంది.

అభిజిత్తు పక్కనున్న బీటా లైరేలో ఆ దశ చూడొచ్చు. ఇప్పుడు సుమారు 3 సూర్యుల బరువున్నదే ఒకప్పటి పెద్దది; దాని సొత్తు పుచ్చుకున్న జోడు 13 సూర్యులంత. 12.9 రోజుల కక్ష్యాకాలం ఏటా 19 సెకన్లు పెరుగుతోంది. మింటాకాలా గ్రహణాలు పట్టే జంటల వెలుగును కొలవడం ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాలకు ముఖ్యమైన పనిగా ఉండేది. అక్కడి 48 అంగుళాల దూరదర్శిని 1968 నాటిది, ఎం.బి.కె. శర్మ తదితరులు ఈ జంటల మీదే ఏళ్లు వెచ్చించారు.

పదార్థం ఇచ్చిన తార పైపొరలూడి హీలియం గుండెగా మిగిలితే, పుచ్చుకున్నది గిర్రున తిరుగుతూ వయసుకు మించిన పడుచుదనంతో వెలుగుతుంది. ఇది అరుదైన కథ కాదు. 2012లో హ్యూగ్స్ సానా బృందం 71 ఓ-రకం భారీ నక్షత్రాలను పరిశీలించి, అలాంటివాటిలో 70 శాతానికి పైగా జోడుతో పదార్థం పంచుకుంటాయని, సుమారు నాలుగోవంతు కలిసిపోతాయని తేల్చింది. 1987లో పెద్ద మెగెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో పేలిన నక్షత్రం, అందరూ ఎదురుచూసిన ఎర్ర మహాతార కాదు, నీలిది. రెండు కలిసి ఒకటైన నక్షత్రమే అలా పేలిందని చాలామంది శాస్త్రజ్ఞుల వాదన.