జపాన్ పాటల పెట్టె కొంటున్నారా? ముందు దాని వెనుక వైపు చూడండి

భైంసా: బతుకుదెరువు కోసం గల్ఫ్ బాట పట్టిన ఉత్తర తెలంగాణ పల్లెల వారు 1970, 80లలో సెలవుపై ఇంటికి వస్తే, వెంట తెచ్చే సామానులో జపాన్ పాటల పెట్టె తరచు ఉండేది. నేషనల్ పానసోనిక్, సోనీ, సాన్యో, అకాయ్ పేర్లు అలా పల్లె జనం నోళ్లలో నానాయి. ఆ పేర్లకున్న గౌరవం నేటికీ చెక్కుచెదరలేదు. పాత రికార్డులు వినాలన్న ముచ్చట మళ్లీ పెరగడంతో ఆనాటి జపాన్ రికార్డు ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు అపురూప వస్తువులయ్యాయి. ఫోనులో బొమ్మ చూసి నేరుగా జపాన్ నుంచే తెప్పించుకునే వీలు కూడా ఏర్పడింది. అయితే పేరు ఒక్కటే చూసి డబ్బు పోస్తే పెట్టె కాలిపోవచ్చు. ఇంట్లో పదిలంగా దాచుకున్న రికార్డులు కూడా పాడు కావచ్చు.

లక్క పళ్లెం నుంచి ప్లాస్టిక్ పళ్లెం దాకా

మన దేశంలో గ్రామఫోను కంపెనీ కోసం గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో పాడారు. కలకత్తా శివార్లలోని డమ్‌డమ్‌లో 1928లో పెద్ద రికార్డుల కర్మాగారం వెలిసింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి రికార్డుల్లో ముఖ్యమైన సరుకు లక్క. మోదుగ, కుసుమ, రేగు చెట్లపై పెరిగే పురుగుల నుంచి వచ్చే ఈ లక్కను రాతిపొడితో కలిపి రికార్డులు పోసేవారు. చేయి జారితే ముక్కలయ్యేవి. 1948లో అమెరికాలో 33 చుట్ల వినైల్ రికార్డు, మరుసటి ఏడాది 45 చుట్ల చిన్న రికార్డు వచ్చాయి.

నాటక పద్యాలు, హరికథలు, సినిమా పాటలు తెలుగు పల్లెలకు చేరింది ఈ పళ్లేల మీదనే. పెళ్లి పందిట్లో మైకు సెట్టు వారు రికార్డు వేస్తే, చెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకరు ఊరంతటికీ వినిపించేది. వాటిలో కొన్ని తర్వాత క్యాసెట్లుగా గానీ, సీడీలుగా గానీ రాలేదు. అటువంటి రికార్డు ఒకటి అరిగిపోతే ఆ గొంతు మళ్లీ దొరకడం కష్టం.

పోటీ పడి చేసిన యంత్రాలు

1960లు, 70లలో జపాన్ కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడి పాటల యంత్రాలు తయారు చేశాయి. పయనీర్, సాన్‌సుయి, డెనాన్ వంటివి ఈ కోవలోనివే. మత్సుషిత కంపెనీ 1972లో టెక్నిక్స్ పేరుతో ఎస్‌ఎల్-1200 రికార్డు ప్లేయరును విడుదల చేసింది. ఇందులో బెల్టు ఉండదు. పళ్లేన్ని మోటారే నేరుగా తిప్పుతుంది. 1982లో జపాన్‌లో సీడీ రావడంతో రికార్డుల జోరు తగ్గింది. 2010లో ఆపివేసిన ఈ ప్లేయర్ల తయారీని గిరాకీ చూసి 2016లో మళ్లీ మొదలుపెట్టడం విశేషం.

ఇక్కడొక మెలిక ఉంది. అకాయ్, సాన్‌సుయి వంటి పాత పేర్లను తర్వాతి కాలంలో ఇతర కంపెనీలు వాడుకున్నాయి. పెట్టె మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన అది ఆనాటి జపాన్ సరుకు అనుకోరాదు.

కరెంటు కలవకపోతే కష్టమే

ఎడ్లు కొనే రైతు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. అదే విధంగా ఈ పెట్టె కొనేవారు ముందు దాని వెనుక అంటించిన రేకు చూడాలి. వోల్టేజీ ఎంతో అక్కడే రాసి ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. జపాన్ ఇళ్లలో వాడేది 100 వోల్టులే. అక్కడి ప్లగ్గును ఇక్కడి బోర్డులో పెడితే రెప్పపాటులో మోటారో, ట్రాన్స్‌ఫార్మరో కాలిపోతుంది. స్టెబిలైజరు పెట్టినా లాభం లేదు. 230ని 100కు దించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. బజారులో ఎక్కువగా అమ్మేవి 110కి దించుతాయి. కాబట్టి 100 వోల్టులదే అడిగి తీసుకోవడం మంచిది. దాని వాట్లు పెట్టె వెనుక రాసిన వాట్ల కంటే ఎక్కువ ఉండాలి.

మరో చిక్కు హెర్ట్జ్‌తో. తూర్పు జపాన్‌లో మనలాగే 50 హెర్ట్జ్, పశ్చిమ జపాన్‌లో 60 హెర్ట్జ్ కరెంటు వాడతారు. కరెంటు లయను బట్టి తిరిగే పాత బెల్టు ప్లేయరు 60 హెర్ట్జ్‌ది అయితే ఇక్కడ 33 చుట్లకు బదులు 28 చుట్లే తిరుగుతుంది. పాట సాగదీసినట్టు వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరుతో ఈ లోపం తీరదు. ఎస్‌ఎల్-1200 వంటి ప్లేయర్లకు ఈ బాధ లేదు.

దుబాయి, కువైట్‌లలో కరెంటు దాదాపు మన కరెంటు వంటిదే. అందువల్ల అక్కడి నుంచి తెచ్చిన సెట్లు ఇక్కడ ఇబ్బంది లేకుండా నడిచాయి. సౌదీలో 60 హెర్ట్జ్ వాడకం. ఆ రోజుల్లో అక్కడి ఇళ్లలో 127 వోల్టులు ఉండేవి. అటకపై అక్కడి పాత సెట్టు ఉంటే రేకు చూడకుండా ప్లగ్గు పెట్టవద్దు. కొన్ని సెట్ల వెనుక వోల్టేజీ మార్చే మీట ఉంటుంది. దానిని సరైన అంకె వద్దకు తిప్పుకోవాలి.

సూది మారితే రికార్డు చెడుతుంది

78 రికార్డు గాడి వెడల్పు. వినైల్ రికార్డు గాడి సన్నం. రెండింటికీ ఒకే సూది పనికిరాదు. 78 సూదితో వినైల్ రికార్డు వేస్తే గాడి పాడవుతుంది. 1970ల జపాన్ ప్లేయర్లలో చాలా వాటికి 78 వేగమే లేదు. ఇంట్లో ఉన్నవి ఏ రికార్డులో చూసుకున్న తర్వాతే ప్లేయరు వెతకాలి.

పాత ప్లేయరు రాగానే సూది, బెల్టు మార్చుకోవడం క్షేమం. ఏళ్లు గడిచిన రబ్బరు బెల్టు సాగుతుంది, లేదా జిగురుగా కరుగుతుంది. ప్లేయరు నుంచి వచ్చే ధ్వని చాలా సన్నగా ఉంటుంది కనుక ఆంప్లిఫయరుకు ‘ఫోనో’ అనే చోటు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

దూరం నుంచి తెప్పించుకునేవారు రెండు వేగాల్లోనూ పాట వేసి వీడియో పంపమని అడగాలి. రవాణాలో దెబ్బ తినకుండా పళ్లెం, చేయి చివరి బరువు విడిగా తీసి కట్టమని చెప్పాలి. చేయిని కదలకుండా బిగించాలి. కస్టమ్స్ సుంకం, రవాణా, ట్రాన్స్‌ఫార్మరు ఖర్చులు కలుపుకుంటేనే అసలు ధర తేలుతుంది.

రికార్డులను నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి. వేసవిలో రేకుల కింద అటకపై పెడితే వినైల్ వంకర పోతుంది. లక్క రికార్డును స్పిరిటుతో తుడవరాదు. లక్క స్పిరిటులో కరుగుతుంది. మెత్తని పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. జపాన్ పెట్టె ఇవాళ కాకపోతే రేపు మరొకటి దొరుకుతుంది. తాతల నాటి రికార్డు దొరకదు.