ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ ఫిలిం: మన ఎండకి ఏ ఫిలిం, ఏ డెవలపర్?

ఈ సైట్‌లో ఎప్పుడూ నైట్ మోడ్, మెగాపిక్సెల్ గొడవే కదా, ఈసారి కాస్త తేడాగా వెళ్దాం. గత సీజన్‌లో మా చోడవరం దగ్గర చిన్నాన్న బెల్లం వండుతుంటే ఒక రాత్రంతా ఫిలిం కెమెరాతో కూర్చున్నా. వచ్చే ఏడాది నుంచి చెరకు మొత్తం ఫ్యాక్టరీకే తోలేస్తానని, ఇక పొయ్యి వెలిగించనని అప్పటికే చెప్పేశాడు. అంటే రీటేక్ లేదు. రెండు రోల్స్, 72 ఫ్రేములు, అంతే.

"ఫోన్లో తీసుకోవచ్చు కదరా, ఏటి నీకీ బాధ?" అన్నాడు. ఫోన్‌తో కూడా తీశాను, అబద్ధమెందుకు. కానీ పొయ్యి మంటనీ, పెనం మీద ఆవిరినీ ఫోన్ హెచ్‌డీఆర్ చదును చేసేసింది. చీకటి చీకటిగా ఉండనివ్వదు అది.

వాడిన ఫిలిం ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్. బాక్స్ మీద స్పీడ్ 400. మంట వెలుగు తప్ప ఇంకేం లేదు కాబట్టి కెమెరాలో 1600 పెట్టి తీశాను. అంటే రెండు స్టాపులు తక్కువ వెలుగు పడినట్టు, ఆ లోటుని డెవలపింగ్ టైం పెంచి కొంతవరకు సర్దాలి. దీన్నే పుష్ చేయడం అంటారు. నీడల్లో పోయిన డీటైల్ తిరిగి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

అసలు సమస్య ఇక్కడ మొదలైంది. కెమికల్స్ సంపాదించేసరికి ఏప్రిల్ వచ్చేసింది. ఫిలిం డేటా షీట్లు అన్నీ 20 డిగ్రీలకి టైం రాస్తాయి. మా మిద్దె మీద నల్ల ట్యాంక్ నీళ్లు మధ్యాహ్నం థర్మామీటర్ పెడితే 34. వేడి పెరిగితే డెవలపర్ పని వేగం పెరుగుతుంది. డిగ్రీకి సుమారు 10 శాతం టైం తగ్గించాలన్నది మామూలుగా వాడే లెక్క. ఐడీ-11 స్టాక్‌లో, అంటే నీళ్లు కలపకుండా, 1600కి 20 డిగ్రీల దగ్గర 14 నిమిషాలు. 34 డిగ్రీలకి లెక్కేస్తే మూడు నిమిషాల చిల్లర వచ్చింది. భలే, పని తొందరగా అయిపోతుంది అనుకున్నా.

5 నిమిషాల కంటే తక్కువ టైం ఎందుకు వద్దంటారో ఆ రోజు తెలిసింది. ట్యాంక్‌లో పోయడానికి, పారబోయడానికి పట్టే సెకన్లే అందులో పెద్ద భాగం అయిపోతాయి. డెవలపర్ ఫిలిం అంతటా సమంగా పనిచేసే లోపే కథ ముగుస్తుంది. చిల్లుల పక్కన చారలు, ఆవిరి మీద అడ్డంగా మచ్చలు. పైగా వేడికి మెత్తబడిన ఎమల్షన్‌ని వేళ్లతో తుడిచి గీతలు కూడా నేనే పెట్టాను. 36 ఫ్రేములు పోయాయి. రెండో రోల్ ముట్టుకోవడానికి నెల పట్టింది.

ఆ నెల రోజులు చేసిన పని ఒకటే: మన వేడికి తట్టుకునే జోడీలు వెతకడం. 20 డిగ్రీల దగ్గర టైం ఎంత పొడుగ్గా ఉంటే మనకి అంత మంచిది, తగ్గించడానికి చోటుంటుంది. పుష్ చేసిన ఫిలిం ఈ విషయంలో మనకి కలిసొచ్చేదే, దాని టైం ఎలాగూ ఎక్కువ. బాక్స్ స్పీడ్ 400కే తీస్తే మాత్రం ఐడీ-11 స్టాక్‌లో ఏడున్నర నిమిషాలే, ఎండాకాలం అస్సలు పనికిరాదు. అదే డెవలపర్‌ని ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు కలిపి వాడితే 20 నిమిషాలు. 26 డిగ్రీలకి దింపినా పదిన్నర నిమిషాలు మిగులుతాయి. ఒక్క జాగ్రత్త: ఇంత పలచనైతే మందు చాలకపోవచ్చు. అందుకే ఒక్క రోల్‌నే 600 ఎంఎల్ పట్టే రెండు రీళ్ల ట్యాంక్‌లో వేస్తున్నా.

ఐడీ-11 పొడిని 40 డిగ్రీల నీళ్లలో కలపాలి. మా నల్ల ట్యాంక్ పనికొచ్చేది అక్కడే. కొడాక్ డీ-76 (1927 నాటిది) కూడా దాదాపు ఇదే ఫార్ములా, ఏది దొరికితే అది తీసుకోండి.

పగటి ఫొటోలకి నా ఓటు ఎఫ్‌పీ4 ప్లస్, రోడినాల్. 1891 నుంచి ఉన్న డెవలపర్ ఇది. ఒకటికి 50 వంతుల నీళ్లు, 20 డిగ్రీలకి 15 నిమిషాలు, 26కి ఎనిమిది. కలిపిన పొడి మందు నిండు సీసాలో ఆరు నెలలకి మించి నమ్మలేం కానీ, రోడినాల్ సీసా ఏళ్ల తరబడి ఉంటుంది. మూడు నెలలకో రోల్ తీసేవాళ్లకి ఇదే బెస్ట్. కానీ హెచ్‌పీ5ని పుష్ చేసి ఇందులో వేయకండి, గ్రెయిన్ ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది.

రెండో రోల్ రోజు కొత్త సాహసాలు చేయలేదు. ఐడీ-11 స్టాకే. నీళ్ల సీసాలు రెండు డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి టబ్‌లో పెట్టి, అందులో డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ 24 డిగ్రీలకి తెచ్చాను. ఐసు ముక్క నేరుగా డెవలపర్‌లో వేయకూడదు, పలచనైపోతుంది. మాది బోరు నీరు, అందుకే డెవలపర్‌కీ చివరి కడుగుడికీ డిస్టిల్డ్ వాటర్. ఫిలిం ట్యాంక్‌లోకి ఎక్కించడం మాత్రం రాత్రి కరెంట్ పోయినప్పుడు, ఇన్వర్టర్ లైటు మీద దుప్పటి కప్పి కానిచ్చాను. టైం 9 నిమిషాల 10 సెకన్లు. చేతులు వణికాయి, దాచడమెందుకు.

ఆరిన నెగెటివ్‌ని ట్యాబ్ తెల్ల స్క్రీన్ మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి, ఎడిటర్‌లో కర్వ్ తిరగేస్తే స్కాన్ రెడీ. ఫిలిం స్క్రీన్‌కి ఆనించకండి, కొంచెం ఎత్తులో ఉంచండి, లేదంటే పిక్సెల్ గళ్లు పడతాయి.

36లో 29 వచ్చాయి. ఒకదాంట్లో చిన్నాన్న పెనం మీదకి వంగి పాకం చూస్తున్నాడు, ముఖం సగం చీకట్లో. ప్రింట్ చేయించి ఇచ్చాను. చాలాసేపు చూసి, "పాకం ఇంకా రాలేదురా అప్పటికి" అన్నాడు.