ప్రైమరీలో ఓటు ఎవరిది?

ఓటు మనది, టికెట్టు వాళ్ళది. రిజర్వుడు నియోజకవర్గాల్లో పనిచేసిన కార్యకర్తలకు ఈ బాధ కొత్త కాదు. పోలింగు రోజున మన ముందుకొచ్చే పేర్లను అంతకుముందే ఎవరో ఎక్కడో కూర్చుని ఖాయం చేసి ఉంటారు. వాళ్ళు వడపోసి పంపినవాళ్ళలోంచి ఒకర్ని ఏరుకోవడమే మన వంతు. అందుకే అభ్యర్థిని ఎవరు ఎన్నుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదని మేము అనుకుంటున్నాం.

అమెరికాలో ఇందుకోసం ప్రైమరీ అనే ఎన్నిక ఉంది. పార్టీ అభ్యర్థిని అధిష్ఠానం కాకుండా ఓటర్లే నిర్ణయిస్తారు. ఏ ఓటర్లు? పేచీ అంతా అక్కడే. కొన్ని రాష్ట్రాల్లో, ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఫలానా పార్టీ అని రాయించుకున్నవాళ్ళకే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. మరికొన్ని రాష్ట్రాల్లో ఏ పార్టీ పేరూ రాయించుకోనివాళ్ళు కూడా వేయొచ్చు.

పార్టీకి చెందనివాళ్ళకు ఓటెందుకని ఒక పక్షం అడుగుతుంది. మా ఇంటి పెద్దను పొరుగింటివాళ్ళు నిర్ణయిస్తారా అంటుంది. ప్రత్యర్థులు పనిగట్టుకుని వచ్చి బలహీనుణ్ణి గెలిపించిపోతే ఎలా అంటుంది. ఈ వాదనలో బలం లేకపోలేదు. ఇష్టమైనవాళ్ళతో కలిసి సంఘం పెట్టుకునే స్వేచ్ఛ పార్టీకీ ఉందని చెబుతూ, కాలిఫోర్నియాలో అప్పుడున్న ప్రైమరీ పద్ధతిని అమెరికా సుప్రీంకోర్టు 2000లో కొట్టేసింది. రెండో పక్షం మరోమాట అంటుంది: ఒకే పార్టీ గెలిచే చోట ప్రైమరీయే అసలు ఎన్నిక. తర్వాత జరిగేది లాంఛనం. అక్కడ తలుపేస్తే ఓటు హక్కునే మూసేసినట్టు.

ఇది ఉత్త వాదన కాదు. నల్లజాతి ప్రజలు దీన్ని అనుభవించారు. జాతినిబట్టి ఓటు నిరాకరించరాదని 1870లోనే అమెరికా రాజ్యాంగంలో పదిహేనో సవరణ వచ్చింది. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో డెమొక్రటిక్ పార్టీదే రాజ్యం. దాని ప్రైమరీలో నెగ్గినవాడే చివరికీ నెగ్గేవాడు. టెక్సాస్ శాసనసభ 1923లో ఆ ప్రైమరీలో నల్లవాళ్ళు ఓటేయకూడదని ఏకంగా చట్టమే చేసింది. ఎల్ పాసో పట్నంలోని నల్లజాతి డాక్టరు నిక్సన్ కోర్టుకెక్కితే 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వెంటనే టెక్సాస్ పాలకులు ఎత్తు మార్చారు. ఓటు ఎవరికన్నది పార్టీ కార్యవర్గమే తేల్చుకుంటుందన్నారు. 1932లో అదీ చెల్లలేదు. అప్పుడు పార్టీ మహాసభే, తెల్లవాళ్ళే మా సభ్యులని తీర్మానం చేసింది. పార్టీ ప్రైవేటు సంఘం, దాని సభ్యత్వం దాని ఇష్టమని 1935లో సుప్రీంకోర్టు ఒప్పేసుకుంది. హ్యూస్టన్‌కు చెందిన దంతవైద్యుడు లోనీ స్మిత్ తరఫున థర్గుడ్ మార్షల్ వాదించిన కేసులో, 1944లో, కోర్టు ఆ తప్పును దిద్దుకుంది.

అయినా కథ ముగియలేదు. ప్రైవేటు క్లబ్బు అనిపించుకోవడానికి సౌత్ కరోలినా ప్రైమరీల చట్టాలనే రద్దు చేసుకుంది. ఆ ఎత్తు 1947లో కోర్టులో వీగిపోయింది. టెక్సాస్‌లోని ఒక కౌంటీలో జేబర్డ్ అనే తెల్లవాళ్ళ సంఘం ప్రైమరీకి ముందే తన సొంత ఎన్నిక జరుపుకునేది. దాంట్లో నెగ్గినవాడే దాదాపు ఎప్పుడూ అధికారి అయ్యేవాడు. 1953లో సుప్రీంకోర్టు దాన్నీ తప్పు పట్టింది. చట్టం, కార్యవర్గం, మహాసభ, క్లబ్బు - పేర్లు మారాయి గానీ గడియ వేసిన చెయ్యి ఒకటే. 'సభ్యులకే ఓటు' అన్న మాట వినగానే ఆ సభ్యత్వం ఎవరు ఇస్తున్నారు, ఎవరికి ఇవ్వడం లేదు అని అడగాలి.

అలాగని తలుపులన్నీ బార్లా తెరిస్తే న్యాయం జరుగుతుందా? ఇక్కడ మన అనుభవం చూడాలి. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అంటరాని కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. గాంధీ నిరాహారదీక్షకు దిగాడు. సెప్టెంబరు 24న ఎరవాడ జైల్లో పూనా ఒడంబడిక కుదిరింది. సీట్లు 148కి పెరిగాయి, ప్రత్యేక ఓటు పోయింది. దానికి బదులు వచ్చింది ప్రైమరీయే. రిజర్వుడు స్థానంలో అంటరాని కులాల ఓటర్లు మాత్రమే ముందుగా ఓటేసి నలుగుర్ని ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకర్ని తర్వాత అన్ని కులాల ఓటర్లూ కలిసి గెలిపిస్తారు.

చూడ్డానికి బాగానే ఉంది. కానీ మనవాళ్ళ ఓట్లలో నాలుగో స్థానంలో నిలిచినవాడు కూడా సవర్ణుల ఓట్లతో గెలిచే వీలుంది. మొదటివాడు మనకు కావలసినవాడు, నాలుగోవాడు వాళ్ళకు కావలసినవాడు. చివరి మాట వాళ్ళది. అంబేద్కర్ ఈ పద్ధతిని ఎండగట్టింది ఇందుకే. ప్రైమరీ పదేళ్ళకే పరిమితమని ఒడంబడికలోనే రాశారు. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగంలో రిజర్వుడు సీటు మిగిలింది, ప్రైమరీ మిగల్లేదు.

ఇక్కడ ఒక మిత్రుడు అడగొచ్చు: టెక్సాస్‌లోనూ పుట్టుకను బట్టే ఓటు, పూనా ప్రైమరీలోనూ పుట్టుకను బట్టే ఓటు. ఒకటి అన్యాయం, ఇంకొకటి న్యాయం ఎట్లా అవుతుంది? తేడా ఉంది. టెక్సాస్‌లో బయట నిలబెట్టినవాళ్ళకు మరో చోట చెల్లే ఓటు లేదు. పూనా పద్ధతిలో సవర్ణులు పోగొట్టుకున్నదేమీ లేదు. ఇంకా చెప్పాలంటే ఆఖరి ఓటు వాళ్ళ చేతిలోనే ఉంది. బలవంతుడు వేసే గడియ వేరు, బలహీనుడు తన గుడిసెకు పెట్టుకునే తడిక వేరు.

కాబట్టి మేము చెప్పేదిది. ప్రైమరీయే అసలు ఎన్నిక అయిన చోట ఎవర్నీ బయట నిలబెట్టకూడదు. పార్టీ తన సభ్యులకే ఓటు పరిమితం చేసుకోవచ్చు. అయితే ఆ సభ్యత్వం అడిగినవాళ్ళందరికీ ఒకే షరతు మీద, ఎవరి దయాదాక్షిణ్యాలూ లేకుండా దొరకాలి. అణగారినవాళ్ళు తమ ప్రతినిధిని ఎన్నుకునే చోట మాత్రం ఆఖరి మాట బయటివాళ్ళది కాకూడదు.

మన దగ్గర ఈ రెండూ లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 19 అసెంబ్లీ స్థానాలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయి ఉన్నాయి. వాటిలో పార్టీ గుర్తు ఎవరికన్నది బి-ఫారం తేలుస్తుంది. ఆ కాగితం మీద సంతకం పార్టీ అధికారమిచ్చిన మనిషిది. అభ్యర్థిని సభ్యుల ఓటుతో నిర్ణయించాలని ఏ చట్టమూ పార్టీలను అడగదు. సభ్యత్వ రసీదు జేబులో పెట్టుకుని ఏళ్ళ తరబడి జెండా మోసిన మాలపల్లె, మాదిగవాడ కార్యకర్తకు అభ్యర్థి పేరు పేపర్లో చూసేదాకా తెలియదు. సభ్యుడు కానివాడికి ఓటుండాలా అని అమెరికాలో కొట్లాడుతున్నారు. మనం ఇంకా ఒక మెట్టు కిందే ఉన్నాం. సభ్యుడికైనా ఓటేదీ అని ముందు అడుగుదాం.